కిడ్నీ జబ్బు, గుండె గండం



రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ అంకె ఎక్కువగా ఉందని తెలియగానే మన ఇళ్ళలో పుట్టే మొదటి ప్రశ్న ఒకటే: డయాలసిస్ దాకా వెళ్తుందా? ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి తిరగడం, చేతికి ఫిస్టులా పెట్టించుకోవడం, తాగే మంచినీళ్ళు కూడా కొలుచుకోవడం, పని దినాలు పోగొట్టుకోవడం, ఇంట్లో ఇంకొకరు తోడు తిరగాల్సి రావడం, ఇవన్నీ ఇరుగుపొరుగున అందరూ చూస్తున్న కష్టాలే. అయితే ఆ ప్రశ్న అడిగే ఆత్రంలో, అంతకన్నా ముందు అడగవలసినది మరుగున పడిపోతోంది. ఈ మనిషి గుండె ఎలా ఉంది? కిడ్నీ జబ్బు ఉన్నవారిలో చాలామంది డయాలసిస్ దశకు చేరకముందే గుండెపోటుతోనో, గుండె వైఫల్యంతోనో, పక్షవాతంతోనో పోతున్నారు. అందుకే కిడ్నీ జబ్బు బయటపడిన రోజు నుంచే దాన్ని గుండెకు వచ్చిన ముప్పుగా కూడా లెక్కగట్టాలని, బీపీ వైద్యం ఆ లెక్క ప్రకారమే సాగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో చెబుతాను, దానికి ఎదురయ్యే అభ్యంతరాలనూ పరిశీలిద్దాం.

ముందు అంకెలు చూద్దాం. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ సభ్యుల్లో దాదాపు 28 వేల మంది కిడ్నీ రోగులను ఐదేళ్ళపాటు గమనించి, ఆ ఫలితాలను 2004లో ప్రచురించారు. కిడ్నీల వడపోత సామర్థ్యం 30కి, 60కి మధ్య ఉన్నవారిని, అంటే మధ్య దశ రోగులను తీసుకుంటే, ఆ ఐదేళ్ళలో డయాలసిస్ గానీ కిడ్నీ మార్పిడి గానీ అవసరమైనవారు నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ. అదే ఐదేళ్ళలో చనిపోయినవారు నూటికి 24 మంది. వడపోత 30 కన్నా తగ్గి ముదిరిన దశలో ఉన్నవారిలో సైతం డయాలసిస్‌కు చేరినవారు నూటికి 20 మంది అయితే, చనిపోయినవారు 45 మందికి పైనే. ప్రపంచం మొత్తం మీద వేసిన అంచనా కూడా ఇదే దారిలో ఉంది. 2017 సంవత్సరానికి కట్టిన లెక్కలో నేరుగా కిడ్నీ జబ్బుతో పోయినవారు సుమారు 12 లక్షలు. కిడ్నీలు సరిగా పనిచేయకపోవడం వల్ల గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చి పోయినవారు మరో 14 లక్షలు. ఆ ఏడాది మన దేశంలో కిడ్నీ జబ్బు ఉన్నవారు 11 కోట్లకు పైనే అని అదే అంచనా చెప్పింది.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. అమెరికా లెక్కలో రోగులు చాలావరకు ముసలివారు, ఆ వయసులో గుండెజబ్బు ఎలాగూ వస్తుంది, మన దగ్గర నలభై ఏళ్ళకే కిడ్నీలు పాడవుతున్నవారు ఎందరో ఉన్నారు కదా అని. ఇది న్యాయమైన మాటే. వయసు తక్కువ ఉన్న రోగి డయాలసిస్ దాకా బతికి చేరే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు మన ఊళ్ళకు అతికించలేం. కానీ వయసు తక్కువ కనుక గుండెకు ముప్పు తక్కువ అనుకుంటే మాత్రం పొరపాటే. తోటి వయసువారితో పోలిస్తే గుండె ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగేది పడుచువారిలోనే. 1998లో వచ్చిన ఒక విశ్లేషణలో, డయాలసిస్ మీద ఉన్న పాతిక, ముప్ఫై ఏళ్ళ యువకులు గుండె, రక్తనాళాల జబ్బులతో పోయే రేటు, మామూలు జనంలో ఎనభై దాటిన ముసలివారి రేటుతో ఇంచుమించు సమానమని తేలింది. ఆ వయసులో ఛాతీలో బరువుగా ఉందంటే గ్యాస్ అని సరిపెట్టుకుంటాం. కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయంలో ఆ సరిపెట్టుకోవడం ప్రమాదం.

ఈ బంధం వైద్యులకు కొత్తగా తెలిసింది కాదు. 1836లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడి, ఒళ్ళు వాచి చనిపోయినవారి శరీరాలను పరిశీలించి, కిడ్నీలు కుంచించుకుపోయిన చాలామందిలో గుండె ఎడమ గది గోడలు మందంగా పెరిగి ఉన్నాయని రాశాడు. కవాటాల్లో లోపం లేకున్నా గుండె ఎందుకు అలా పెరిగిందన్నది ఆయనను వేధించిన ప్రశ్న. రక్తం మారిపోయి గుండెను రెచ్చగొడుతోందా, లేక సన్నని రక్తనాళాల్లోంచి రక్తాన్ని తోయడానికి గుండె ఎక్కువ కష్టపడాల్సి వస్తోందా అని ఆయన ఆలోచించాడు. అప్పటికి బీపీ కొలిచే పరికరమే లేదు. చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతిని ఇటలీ వైద్యుడు రీవా రోచీ 1896లో కనిపెట్టాడు. స్టెతస్కోపుతో చప్పుడు వింటూ పై అంకె, కింది అంకె రెండూ పట్టుకోవడం 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ నేర్పాడు. పరికరం లేకుండానే, అరవై ఏళ్ళ ముందే, బ్రైట్ సరైన గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ తరవాత 1898లో స్టాక్‌హోమ్‌లో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ నుంచి తీసిన రసాన్ని మరో కుందేలుకు ఎక్కించి బీపీ పెరగడం చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని బిగిస్తే బీపీ పెరిగి అలాగే ఉండిపోతుందని చూపించాడు. అంటే బీపీ కిడ్నీని పాడుచేయడం ఒక సగం కథ. కిడ్నీయే బీపీని పెంచడం రెండో సగం.

అది ఎలాగో అర్థం కావాలంటే మన చెరువు తూమును తలచుకోండి. తూములో పూడిక పడిందనుకుందాం. పొలానికి మునుపటంత నీరు పారాలంటే చెరువులో నీటి మట్టం పెరగాలి. కిడ్నీ కూడా అంతే. మనం తిన్న ఉప్పునంతా ఏ రోజుకారోజు బయటికి పంపడం దాని పని. వడపోత గొట్టాలు పాడై తూము ఇరుకైనకొద్దీ, అదే ఉప్పు బయటికి పోవాలంటే రక్తపు ఒత్తిడి పెరగక తప్పదు. దీనికి తోడు, దెబ్బతిన్న కిడ్నీ తనకు రక్తం సరిగా అందడం లేదని భ్రమపడి రెనిన్‌ను వదులుతూనే ఉంటుంది. దానివల్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పు ఇంకా నిలవ ఉంటుంది. మామూలు మనిషికి రాత్రి నిద్రలో బీపీ దిగుతుంది. కిడ్నీ జబ్బులో చాలామందికి ఆ దిగుడు ఉండదు, గుండెకు రాత్రి కూడా విశ్రాంతి దొరకదు. పగలూ రాత్రీ బరువు ఎత్తే కండలాగా గుండె గోడ మందమెక్కుతుంది. చూడటానికి బలంగానే ఉంటుంది, కానీ ఆ మందపు గోడకు రక్తం ఎక్కువ కావాలి, దాన్ని తెచ్చే సన్నని నాళాలు మాత్రం పెరగవు. గోడ బిరుసెక్కి సరిగా సడలదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. కిడ్నీ పాడైతే రక్తం తగ్గుతుంది కాబట్టి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. బయటికి పోవలసిన ఫాస్ఫరస్ ఒంట్లో నిలిచిపోయి రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుంటుంది. పొటాషియం హెచ్చుతగ్గులైతే గుండె లయ తప్పుతుంది. అందుకే ముదిరిన కిడ్నీ జబ్బులో గుండె మరణమంటే నాళంలో గడ్డ అడ్డుపడటం ఒక్కటే కాదు. లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవడం కూడా పెద్ద కారణమే. ఒక్క స్టెంటు వేయించుకుంటే తీరిపోయే సమస్య ఇది కాదని ఇక్కడే తెలుస్తుంది.

ఇదంతా షుగరు, బీపీ చేసే పనే, కిడ్నీని ఎందుకు నిందించాలి అని అడిగేవారు ఉంటారు. షుగరు, బీపీ ఉన్నవారికే కిడ్నీ జబ్బు వస్తుంది, వారికే గుండెజబ్బూ వస్తుంది, మధ్యలో కిడ్నీ ఒక సాక్షి మాత్రమే అన్నది వారి వాదం. దీన్ని తేల్చడానికి పెద్ద అధ్యయనాలే జరిగాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 11 లక్షల 20 వేల మంది పెద్దల వివరాలతో 2004లో వచ్చిన పరిశోధన వయసు, షుగరు, బీపీ, పాత గుండెజబ్బు లాంటివన్నీ లెక్కలోంచి సర్దుబాటు చేసి చూసింది. వడపోత 60కి పైన ఉన్నవారితో పోలిస్తే, 45కీ 60కీ మధ్య ఉన్నవారికి గుండె, రక్తనాళాల ఘటనల ముప్పు సుమారు 40 శాతం ఎక్కువ. 30కీ 45కీ మధ్య ఉంటే రెట్టింపు. 15 కన్నా తగ్గితే మూడున్నర రెట్ల దరిదాపు. 2010లో అనేక దేశాల సమాచారాన్ని కలిపి చేసిన మరో విశ్లేషణలో, వడపోత తగ్గడం ఒక ముప్పు అయితే, మూత్రంలో ఆల్బుమిన్ పడటం దానికి సంబంధం లేకుండా ఇంకో ముప్పు అని తేలింది. వడపోత బాగానే ఉండి ఆల్బుమిన్ మాత్రమే పడుతున్నా ప్రాణాపాయం పెరుగుతుంది. సాక్షి అయితే మిగతా కారణాలను తీసేయగానే కనుమరుగు కావాలి. ఇక్కడ అలా జరగలేదు. అమెరికా హృద్రోగ సంఘం 2023లో తెచ్చిన గుండె ముప్పు లెక్కింపు సూత్రంలో కిడ్నీ వడపోతకు స్థానం దక్కింది. అంతకు ముందు తరాల సూత్రాల్లో ఎక్కువ భాగం కిడ్నీని అసలు అడగనేలేదు. ఈ మార్పు ఆలస్యంగా వచ్చిందనే నా అభిప్రాయం.

ఇక్కడ క్రియాటినిన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. క్రియాటినిన్ 1.4 వచ్చిందంటే కొంచెమే ఎక్కువ కదా అని చాలామంది కాగితం మడిచి పెట్టేస్తారు. ఆ పదార్థం కండల నుంచి వస్తుంది, కాబట్టి ఒకే అంకె అందరికీ ఒకే అర్థం చెప్పదు. ఇప్పుడు వాడుతున్న సూత్రంతో లెక్కిస్తే, ముప్ఫై ఏళ్ళ మగవాడిలో 1.4 అంటే వడపోత 70 దరిదాపు. అరవై ఏళ్ళ స్త్రీలో అదే 1.4 అంటే 43. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం ఆ అమ్మకు గుండె ముప్పు రెట్టింపైన వరసలో చోటు ఉంది, చేతిలో కాగితం మాత్రం కొంచెమే ఎక్కువ అంటోంది. అందుకే పరీక్ష కాగితం మీద క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్ అనే వడపోత లెక్క వేశారా అని చూడాలి, వేయకపోతే అడగాలి. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష కూడా చేయించాలి. అది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే, మూడు నెలల తరవాత మళ్ళీ చేసినప్పుడూ అలాగే ఉంటే, కిడ్నీ జబ్బు ఉన్నట్టే, ఒళ్ళు వాచకపోయినా, మూత్రం ధారాళంగా వస్తున్నా సరే.

మరి బీపీ ఎంత ఉండాలి? ఇది ఇప్పటికీ వైద్యుల మధ్య వాదం నడుస్తున్న చోటు, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. 2015లో అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. గుండె ముప్పు ఎక్కువగా ఉన్న, యాభై ఏళ్ళు దాటిన 9,361 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపులో పై బీపీ 140 లోపు, రెండో గుంపులో 120 లోపు ఉండేలా మందులు ఇచ్చారు. ఐదేళ్ళు నడవాల్సిన ప్రయోగాన్ని మూడేళ్ళు దాటగానే ఆపేశారు, ఎందుకంటే 120 గుంపులో గుండె ఘటనలు 25 శాతం, మరణాలు 27 శాతం తగ్గాయి. ఇందులో నాలుగో వంతుకు పైగా, 2,646 మంది, కిడ్నీ జబ్బు ఉన్నవారే. వారిలోనూ మరణాలు 28 శాతం తగ్గాయి. గుండె ఘటనలు కూడా తగ్గే దిశలోనే ఉన్నా, ఆ ఒక్క గుంపును విడిగా తీస్తే ఆ తగ్గుదల గణాంకపరంగా ఖాయం అని చెప్పేంత బలంగా లేదు. ఇది కూడా చెప్పాల్సిందే. స్ప్రింట్ ఆధారంగానే కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడిగో 2021లో, తట్టుకోగలిగినవారికి పై బీపీ 120 లోపు ఉండాలని సూచించింది. మిగతా సంస్థల్లో చాలావరకు 130 దగ్గర ఆగాయి.

స్ప్రింట్ మీద మూడు అభ్యంతరాలు బలమైనవి. మొదటిది, షుగరు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. మన కిడ్నీ రోగుల్లో షుగరు ఉన్నవారే పెద్ద గుంపు. షుగరు రోగుల మీద 2010లో వచ్చిన అకార్డ్ ప్రయోగంలో 120 లక్ష్యం వల్ల మొత్తం మీద గుండె ఘటనలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, పక్షవాతం మాత్రం తగ్గింది. కానీ 2024లో చైనాలో 12 వేలకు పైగా షుగరు రోగుల మీద చేసిన ప్రయోగంలో అదే లక్ష్యంతో గుండె, రక్తనాళాల ఘటనలు 21 శాతం తగ్గాయి. దాంతో త్రాసు 120 లక్ష్యం వైపు మొగ్గిందనే నేను అనుకుంటున్నాను. రెండో అభ్యంతరం, బీపీ మరీ దించితే కళ్ళు తిరిగి పడిపోతారని, కిడ్నీకి రక్తం తగ్గుతుందని. స్ప్రింట్‌లో బీపీ బాగా దించిన గుంపులో స్పృహ తప్పడం, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం ఎక్కువే కనిపించాయి. కాబట్టి లేచి నిలబడితే తూలిపోయే ముసలివారికి, మంచం దిగడమే కష్టమైనవారికి 120 అనే అంకెను పట్టుకుని వేలాడకూడదు. నిలబడి కూడా బీపీ చూసి మందు నిర్ణయించాలి. కానీ ఆ కొద్దిమందికి వర్తించే జాగ్రత్తను సాకుగా చేసుకుని అందరికీ 150, 160 బీపీని వదిలేయడం నాకు సమ్మతం కాదు. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది ఆ రెండో తప్పే.

మూడో అభ్యంతరం కొలత గురించి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. స్ప్రింట్‌లో మనిషిని ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, యంత్రంతో మూడు సార్లు కొలిచి సగటు తీశారు, చాలాచోట్ల గదిలో మరెవరూ లేకుండా. అలా కొలిచిన 120, ఓపీలో వరస దాటుకుని, మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ చేయి చాపినప్పుడు కొలిచిన 120 ఒకటి కావు. మామూలుగా హడావుడిలో తీసిన అంకె ఐదు నుంచి పది దాకా ఎక్కువ చూపడం సాధారణం. హడావుడి కొలత చూసి మందు పెంచుకుంటూ పోతే నిజంగానే పడిపోతారు. ఇంట్లో చేతి మీది కండకు చుట్టే డిజిటల్ యంత్రంతో, వీపు ఆనించుకుని, కాళ్ళు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టుకుని, కాఫీ తాగిన వెంటనే కాకుండా, ఉదయం మందు వేసుకునే ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఒక వారం రాసుకుంటే, ఆసుపత్రిలో తీసిన ఒక్క అంకె కన్నా అది వందరెట్లు నమ్మదగినది.

ఇప్పుడు మన ఊళ్ళలో బాగా పాతుకుపోయిన నమ్మకం దగ్గరికి వద్దాం: బీపీ బిళ్ళలు ఏళ్ళ తరబడి వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయి. ఈ నమ్మకం పుట్టడానికి కారణం ఉంది. బీపీ ఉన్న మనిషికి పదేళ్ళ తరవాత కిడ్నీ జబ్బు బయటపడుతుంది. ఆ పదేళ్ళూ అతను బిళ్ళ వేసుకుంటూనే ఉన్నాడు, లేదా వేసుకుంటూ మానేస్తూ ఉన్నాడు. కళ్ళకు కనిపించింది బిళ్ళ, కనిపించనిది బీపీ. నేరం బిళ్ళ మీద పడింది. దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. పేరు చివర ప్రిల్ అని వచ్చే మందులు, సార్టాన్ అని వచ్చే మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. ఇవి కిడ్నీ వడపోత గొట్టాల్లోని ఒత్తిడిని దించుతాయి, ఒత్తిడి దిగితే మొదట్లో వడపోత కాస్త తగ్గుతుంది. మొదటి నాలుగు వారాల్లో ఆ పెరుగుదల 30 శాతం లోపు ఉంటే మందు మానకూడదన్నది వైద్యుల నియమం. అరిగిపోతున్న యంత్రాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తే ఎక్కువకాలం నిలిచినట్టే. ఆల్బుమిన్ పడుతున్న షుగరు రోగుల్లో కిడ్నీ చెడిపోయే వేగాన్ని ఈ మందులు తగ్గిస్తాయని 1993లోనూ, 2001లోనూ వచ్చిన ప్రయోగాలు రుజువు చేశాయి. మరి జబ్బు బాగా ముదిరాకనైనా ఆపేస్తే కిడ్నీ కోలుకుంటుందా? ఈ ప్రశ్ననే బ్రిటన్‌లో 411 మంది మీద పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. ఆపినవారికీ కొనసాగించినవారికీ మూడేళ్ళ తరవాత వడపోతలో తేడా లేదు. ఆపడం వల్ల లాభం రాలేదు. ఈ మందులతో జాగ్రత్త పడవలసింది పొటాషియం గురించి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తపరీక్ష చేయించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతున్నప్పుడు డాక్టరును అడిగి కొన్నాళ్ళు ఆపాలి.

కిడ్నీలను నిజంగా పాడుచేసే బిళ్ళలు వేరే ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తాయి, ఉప్పును నిలవచేస్తాయి, బీపీని పెంచుతాయి, బీపీ బిళ్ళల పనిని చెడగొడతాయి. బీపీ బిళ్ళకు భయపడి మానేసి, నొప్పి బిళ్ళను భయం లేకుండా మింగే మనిషిని చూస్తే మనసు తరుక్కుపోతుంది.

కొత్త మందుల మాట కూడా చెప్పాలి. షుగరుకని వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్‌ను 4,304 మంది కిడ్నీ రోగుల మీద పరీక్షించినప్పుడు, వారిలో మూడో వంతు మందికి షుగరే లేదు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో కిడ్నీ చెడిపోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం అన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. ఏ కారణంతోనైనా సంభవించిన మరణాలు 31 శాతం తగ్గాయి. అదే ఏడాది మన దేశంలో ఆ మందు పేటెంటు తీరిపోయి, దేశీయ కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా పడిపోయింది. ఖర్చు భరించలేమన్న అభ్యంతరం ఒకప్పుడు నిజం, ఇప్పుడు ఆ బలం తగ్గింది.

మందులన్నీ ఒక ఎత్తు, ఉప్పు ఒక ఎత్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవైనాలుగు గంటల మూత్రం సేకరించి కొలిస్తే సగటున 9 గ్రాములకు పైనే తేలింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు మన భోజనం రుచి, నిజమే. కానీ పూడిపోయిన తూముకు ఈ ఉప్పంతా దాటించే శక్తి లేదు. ఆస్ట్రేలియాలో 20 మంది కిడ్నీ రోగుల మీద జాగ్రత్తగా చేసిన ఒక చిన్న ప్రయోగంలో, ఉప్పు తగ్గించినప్పుడు ఇరవైనాలుగు గంటల పై బీపీ దాదాపు 10 పాయింట్లు దిగింది. ఒక బీపీ బిళ్ళ చేసే పని అది. అయితే ఉప్పు తగ్గించాలని సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లు కొనే కిడ్నీ రోగులు ఆగి ఆలోచించాలి. వాటిలో తగ్గించిన సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. మామూలు బీపీ ఉన్నవారికి మేలు చేసేదే, వడపోత తగ్గి సార్టాన్ మందు మీద ఉన్నవారి గుండె లయను దెబ్బతీయగలదు. సైంధవ లవణం అన్నా, రాతి ఉప్పు అన్నా ఉన్నది ప్రధానంగా సోడియమే.

త్వరగా మేలుకోవడం ఎందుకు ముఖ్యమో కొలెస్టరాల్ మందులు చెబుతాయి. డయాలసిస్ మీద ఉన్నవారికి స్టాటిన్ కొత్తగా మొదలుపెట్టి చూసిన రెండు పెద్ద ప్రయోగాల్లో, 2005లో, 2009లో, గుండె ఘటనలు చెప్పుకోదగినంత తగ్గలేదు. 2011లో 9 వేలకు పైగా కిడ్నీ రోగుల మీద, ఎక్కువమంది ఇంకా డయాలసిస్‌కు రానివారి మీద, స్టాటిన్‌తో పాటు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్టరాల్ మందు ఇచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 17 శాతం తగ్గాయి. రక్తనాళాలు సున్నం పట్టి, గుండె మందమెక్కిన తరవాత మొదలుపెట్టిన మందు చేయగలిగింది తక్కువ. డయాలసిస్ వచ్చాక చూద్దాం అనుకుంటే గుండె వరకు ఆ వాయిదా చాలా ఖరీదైనది.

ఇదంతా విన్నాక, నా బీపీ మామూలుగానే ఉంది, నాకేం ఫరవాలేదు అని ఎవరికైనా అనిపిస్తే ఉద్దానం గుర్తు చేయాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పెద్దవారిలో సుమారు ఐదో వంతుకు కిడ్నీ జబ్బు ఉన్నట్టు సర్వేలు చెబుతున్నాయి. కారణం ఇంకా తేలలేదు. అక్కడి జబ్బులో తొలి దశల్లో చాలామందికి బీపీ పెరగదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పడదు. బీపీ పట్టీ చుట్టి, మూత్రంలో పట్టీ ముంచి చూసి పంపేస్తే జబ్బు చేతికి చిక్కదు. క్రియాటినిన్ రక్తపరీక్షే దిక్కు. అక్కడ వడపోత పడిపోయినకొద్దీ బీపీ ఆలస్యంగానైనా పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, గుండె మీద భారం మొదలవుతుంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది. వాటితో పాటు ప్రతి రోగికీ ఈసీజీ, ఎకో పరీక్షలు, బీపీ పుస్తకం కిడ్నీ వైద్యంలో భాగం కావాలని నేను కోరుకుంటాను.

చివరగా, ఇప్పటికే డయాలసిస్ మీద ఉన్నవారికి ఒక మాట. అమెరికాలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే 32 వేల మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం, వారాంతంలో వచ్చే రెండు రోజుల పొడవాటి విరామం ముగిసిన మర్నాడు మరణాల రేటు మిగతా రోజుల కన్నా స్పష్టంగా ఎక్కువని చూపింది. ఆ విరామంలో నీరు, పొటాషియం పేరుకుంటాయి, గుండె ఆ వరదను మోయాలి. మన దగ్గర వారానికి రెండుసార్లే డయాలసిస్ దొరికేవారు చాలామంది, వారికి ప్రతి విరామమూ పొడవైనదే. అలాంటివారికి నీళ్ళు తాగొద్దని పదేపదే చెప్పే ముందు, దాహం పుట్టించే ఉప్పును కంచంలోంచి తీయాలి. ఆ మధ్య రోజుల్లో ఇంట్లోనే రోజూ ఉదయం బరువు, రెండుపూటలా బీపీ కొలిచి ఒక నోటుపుస్తకంలో రాసి డయాలసిస్ గదికి తీసుకెళ్ళాలి. యంత్రం మీద పడుకున్నప్పుడు నీరు తీసే ముందు, తీసిన తరవాత చూసే బీపీ క్షణక్షణానికీ మారుతుంది. ఇంట్లో రాసిన ఆ అంకెలను బట్టి డ్రై వెయిట్‌ను, అంటే అదనపు నీరంతా తీసేశాక ఉండవలసిన బరువును, ఒక అరకిలో దించాలో, బిళ్ళ మార్చాలో డాక్టరు సరిగా తేల్చగలుగుతారు.